ఎండకి కాదు, గాలి తక్కువై పేలుతుంది

పోయిన శుక్రవారం రాబిగ్‌లో మన సభ్యుల కూడికలో ఒక సూపర్‌వైజర్ అన్న మాట్లాడిన మాటలు ఇవి. డ్యూటీ వల్ల రాలేకపోయినవాళ్ళ కోసం ఆయనే రాసి పంపారు. చదవడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. బండి ఉన్నవాళ్ళు, వేరేవాళ్ళ బండిలో కూర్చునేవాళ్ళు, అందరూ చదవండి.



నాకు మైకు పట్టుకునే అలవాటు లేదు. చదివింది పదో తరగతి. పొద్దున సైటులో టూల్‌బాక్స్ మీటింగులో ఐదు నిమిషాలు మాట్లాడతాను, అది కూడా సగం హిందీ, సగం తెలుగు, మధ్యలో నాలుగు అరబీ ముక్కలు. తప్పులుంటే మన్నించండి.

పోయిన నెల మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, 95 కొడితే మైలేజ్ ఎక్కువ వస్తదా, 91 సరిపోతదా?" అని. దానికి నలభై మెసేజీలు వచ్చినయి. ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు, ఒకరు కొట్లాటకే దిగారు. మధ్యలో ఇంకో తమ్ముడు రాశాడు: "ఎండాకాలం వచ్చింది, అందరూ టైర్లల్ల గాలి నాలుగైదు పాయింట్లు తగ్గించుకోండి, లేకుంటే పేలుతయి." దాని కింద పదిమంది బొటనవేలు గుర్తు పెట్టారు.

ఆ మెసేజ్ చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఇదే మాట ఒకప్పుడు నేను కూడా చెప్పిన. చెప్పినందుకు ఏమయిందో ఇవ్వాళ మీకు చెప్తా. కానీ ముందు డబ్బు లెక్క చూద్దాం. డబ్బు మాట అంటే మనోళ్ళు చెవి పెట్టి వింటారు.

91 కొట్టాలా, 95 కొట్టాలా?

నేను రాబిగ్ వచ్చింది 2008లో. పెట్రో రాబిగ్ ప్లాంటు అప్పుడు కడుతున్నారు, 2009లో నడవడం మొదలయింది. ఆరామ్‌కో, జపాన్ సుమిటోమో వాళ్ళు కలిసి పెట్టిన ప్లాంటు అది. ఇక్కడున్న మనలో చాలామంది దాని పైపుల కింద, దాని చుట్టుపక్కల పనులు చేసినవాళ్ళమే. పెట్రోలు మన కళ్ళ ముందు తయారవుతుంది. కానీ బంకుకు పోయి "ఏది కొట్టాలి?" అని ఆ కుర్రాడు అడిగితే మనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం.

పాతవాళ్ళకు గుర్తుంటుంది. 2015 చివరి దాకా 91 లీటరు 45 హలాలాలు, 95 అయితే 60. నీళ్ళ బాటిల్ కంటే పెట్రోలు చవక అని నవ్వుకునేవాళ్ళం. 2015 డిసెంబరు చివర్లో 75, 90 అయింది. 2018 జనవరిలో 91 ఒక రియాల్ 37 హలాలాలకు, 95 రెండు రియాళ్ళ 4 హలాలాలకు పోయింది. 2021 జూలైలో ప్రభుత్వం 91కి 2.18, 95కి 2.33 దగ్గర గరిష్ఠ ధర కట్టేసింది. ఆ పైన పెరిగేది తామే భరిస్తామన్నారు. ఇప్పుడు మనం లెక్క వేసుకునేది ఆ ధరలతోనే.

2018లో రెండింటికీ తేడా లీటరుకు 67 హలాలాలు. అప్పుడు చాలామంది భయపడి 91కి మారారు. ఇప్పుడు తేడా 15 హలాలాలే. "పదిహేను హలాలాలకు ఏం చూస్తం, ఎర్రది కొట్టు" అంటున్నారు. ఎర్ర గన్ను 95, ఆకుపచ్చ గన్ను 91. ఎర్రది కొడితే ఇంజను బలంగా లాగుతుందని మనోళ్ళ నమ్మకం.

ఆ అంకె ఏమిటో చెప్తా. ఇంజను లోపల పెట్రోలు, గాలి కలిసిన ఆవిరిని పిస్టన్ గట్టిగా నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్ నిప్పు ఇచ్చినప్పుడే అది మండాలి. కొన్నిసార్లు ఒత్తిడికి, వేడికి ఓర్చుకోలేక దానంతట అదే ముందే మండుతుంది. అప్పుడు ఇంజను కటకటమని కొట్టుకుంటుంది. నలుగురిని ఎక్కించుకుని తాయిఫ్ ఘాట్ ఎక్కినప్పుడు కొన్ని పాత బండ్లలో ఆ శబ్దం వినే ఉంటారు. 91, 95 అనేవి ఆ ఒత్తిడిని పెట్రోలు ఎంత ఓర్చుకుంటుందో చెప్పే అంకెలు. అంటే అది పెట్రోలు బలం కాదు, ఓపిక. 95కి ఓపిక ఎక్కువ. లీటరులో ఉండే శక్తి మాత్రం దాదాపు ఒకటే.

కాబట్టి ఎక్కువ ఓపిక అవసరమైన ఇంజనుకే 95 కావాలి. టర్బో ఉన్న బండ్లు, గట్టిగా నొక్కే ఇంజన్లు కొన్ని అడుగుతాయి. మనోళ్ళు ఎక్కువగా కొనే మామూలు జపాన్, కొరియా చిన్న కార్లలో చాలావాటికి 91 చాలు. మీ బండికి ఏది కావాలో నన్ను అడగొద్దు, గ్రూపులో కూడా అడగొద్దు. పెట్రోలు మూత తెరవండి, లోపలివైపు రాసి ఉంటుంది. లేకపోతే బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అరబీ రాకపోయినా 91, 95 అంకెలు చదవడం అందరికీ వచ్చు.

మన పని భాషలో చెప్పాలంటే, డ్రాయింగులో స్లాబుకు ముప్పై గ్రేడు కాంక్రీటు అని ఉంది. మనం నలభై పోశాం. స్లాబు ఏమీ కూలదు. కానీ పోసిన ఆ ఎక్కువ డబ్బుకు ఇల్లు ఇంకో అంతస్తు పెరగదు గదా. అదే నలభై అని ఉన్నచోట ముప్పై పోస్తే మాత్రం తప్పు. 95 అని రాసి ఉన్న బండికి 91 కొడితే ఇంజను తనను తాను కాపాడుకోవడానికి నిప్పును ఆలస్యం చేస్తుంది, లాగుడు తగ్గుతుంది, మైలేజ్ కూడా పడిపోతుంది. పాత ఇంజనైతే దెబ్బ తింటుంది. మిగిలిన పదిహేను హలాలాలు అక్కడే పోతాయి.

నా బండి లెక్క

నాది పాత చిన్న కారు. రూములో నలుగురం కలిసి వాడుకుంటాం. రోజూ రానూపోనూ 80 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు. నెలకు రెండుసార్లు జిద్దా పోతాం, ఒక్కో ట్రిప్పు దగ్గర దగ్గర 300. మొత్తం నెలకు సుమారు 2,700 కిలోమీటర్లు. లీటరుకు పదమూడున్నర ఇస్తుంది. అంటే నెలకు 200 లీటర్లు.

91 కొడితే 436 రియాళ్ళు. 95 కొడితే 466. తేడా నెలకు 30, ఏడాదికి 360. రియాల్‌కి 22 రూపాయలు వేసుకున్నా దగ్గర దగ్గర ఎనిమిది వేలు. మూత మీద 91 అని రాసి ఉన్న బండికి నేను మూడేళ్ళు ఎర్ర గన్నే పెట్టించిన. మూడేళ్ళలో వెయ్యి రియాళ్ళ పైన ఊరికే పోయింది.

అయితే ఇంకో ఖర్చు ఉంది, దాన్ని ఎవరూ లెక్క పెట్టరు. బండి ఆపి, ఏసీ కోసం ఇంజను ఆన్‌లో పెట్టుకుని కూర్చోవడం. మధ్యాహ్నం అన్నం తిన్నాక ముప్పావు గంట పడుకోవడం, సాయంత్రం బఖాలా ముందు పావుగంట ఆగడం. చిన్న ఇంజను కూడా ఏసీతో నిలబడి ఉంటే గంటకు దాదాపు ఒక లీటరు తాగుతుంది, పెద్దదైతే రెండు. రోజుకు గంట వేసుకోండి. నెలకు 26 లీటర్లు, 57 రియాళ్ళు. 91, 95 గొడవ కంటే ఇది దగ్గర దగ్గర రెట్టింపు. ఎండలో ఏసీ లేకుండా పడుకోమని నేను అనను, ఇక్కడి ఉక్కపోత నాకు తెలియదా. నీడ ఉన్న రెస్ట్ రూము సైటులో ఉంటే అక్కడ పడుకోండి. లేకపోతే పెట్టమని సూపర్‌వైజర్‌ని అడగండి. అడిగితే తిట్టేవాళ్ళు ఉంటారు, ఇచ్చేవాళ్ళు కూడా ఉంటారు.

కంపెనీ డీజిల్ బండ్లు నడిపేవాళ్ళకు ఒక మాట. డీజిల్ 2024 జనవరిలో 1.15 అయింది, 2025 జనవరిలో 1.66 అయింది. కంపెనీలు ఇప్పుడు లీటరు లీటరు లెక్క అడుగుతున్నాయి. ఖర్చు ఎందుకు పెరిగిందని అడిగితే చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండాలి. కొట్టించినప్పుడల్లా కిలోమీటర్ల అంకె ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి.

గాలి తక్కువైతే ఎంత ఖర్చు?

ఇక టైర్ల సంగతి. నిజం చెప్తా, పెంచి చెప్పను. గాలి తక్కువైతే పెట్రోలు బాగా తాగుతుందని అందరూ అంటారు. తాగుతుంది కానీ, అనుకున్నంత కాదు. నాలుగు టైర్లలో ఒక్కో పాయింటు తగ్గితే ఖర్చు సుమారు వెయ్యిలో రెండు వంతులు పెరుగుతుందని అమెరికా ఇంధన శాఖ వాళ్ళ లెక్క. ఎనిమిది పాయింట్లు తగ్గితే వందకు ఒకటిన్నర పైన. నా 200 లీటర్లలో అది మూడు లీటర్లు, ఏడు రియాళ్ళు. ఒక బిర్యానీ కూడా రాదు.

అసలు దెబ్బ టైరుకే. గాలి తక్కువుంటే టైరు మధ్య భాగం లోపలికి పోయి రెండు అంచులు రోడ్డును రుద్దుతాయి. నా మొదటి సెట్టు 28 వేల కిలోమీటర్లకే అంచులు గుండులాగ నున్నగ అయిపోయినయి, మధ్యలో గీతలు మంచిగనే ఉన్నయి. రెండో సెట్టుకు గాలి చూసుకుంటూ వచ్చిన, 41 వేల దాకా నడిచింది. సెట్టు 920 రియాళ్ళు పెట్టి కొన్నవి. లెక్క వేస్తే వెయ్యి కిలోమీటర్లకు పది రియాళ్ళ తేడా. నేను ఏడాదికి 32 వేలు తిరుగుతాను. అంటే ఏడాదికి 320 పైన, నెలకు 27.

అన్నీ కూడండి. పెట్రోలు రకంలో 30, ఊరికే ఆన్‌లో పెట్టడంలో 57, టైరు అరుగుదలలో 27, గాలి తక్కువై తాగిన పెట్రోలు 7. నెలకు 121 రియాళ్ళు. ఏడాదికి 1,452. ఊరి లెక్కలో ముప్పై ఒక్క వేల పైన. ఒక బిడ్డ స్కూలు ఫీజు. ఓవర్‌టైము చేయకుండా, ఎవరినీ అడగకుండా మిగిలే డబ్బు ఇది.

డబ్బు లెక్క ఇంతే. ఇప్పుడు అసలు మాట.

2016 ఆగస్టు

అప్పుడు నేను కొత్తగా సూపర్‌వైజర్ అయిన. ఏ కంపెనీ అనేది అక్కర్లేదు. మా సైటు మస్తూరా అవతల. రోజూ ఒక డబుల్ క్యాబిన్ పికప్‌లో మనుషులు, వెనక స్కాఫోల్డింగ్ క్లాంపులు, జాకీలు వేసుకుని పోయేవాళ్ళం. పొద్దున బండి చెక్‌లిస్టు మీద సంతకం నాది. ఆయిల్, బ్రేకు, లైట్లు, టైర్లు, అన్నిటికీ టిక్కు. పద్దెనిమిది టిక్కులు ఒక నిమిషంలో కొట్టేవాణ్ణి. టైర్లను కాలితో ఒక తన్ను తన్ని టిక్కు పెట్టేవాణ్ణి.

జూలైలో డ్రైవర్ అడిగాడు, "అన్నా, ఎండలు మండుతున్నయి, టైర్లు గట్టిగున్నయి, ఏం చేద్దాం?" అని. నేను పాతవాళ్ళ దగ్గర విన్న మాట చెప్పిన. "ఎండకు గాలి ఉబ్బుతది. ఐదారు పాయింట్లు తీసెయ్." ఆయన బన్‌షర్ దగ్గర ఆపి తీయించాడు. అప్పుడే బండి నడిచి వచ్చింది, టైర్లు కాలిపోతున్నాయి. వేడిగా ఉన్న టైరులోంచి తీశారు. అంటే చల్లబడ్డాక ఇంకో నాలుగైదు పాయింట్లు తక్కువ. ఈ సంగతి మాకు అప్పుడు తెలియదు.

మూడు వారాలు ఏమీ కాలేదు. మూడు వారాలు ఏమీ కాకపోతే మనిషి తను చెప్పిందే కరెక్టు అనుకుంటాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం రెండు గంటల వేళ, సామాను నిండా వేసుకుని, నూట పది మీద వస్తుంటే వెనక ఎడమ టైరు పేలింది. నేను ఆ బండిలో లేను. వెనక ఇంకో బండిలో ఉన్న. పికప్ ఊగింది, డ్రైవర్ భయంతో బ్రేకు తొక్కాడు, బండి తిరిగి పల్టీ కొట్టి ఇసుకలో పడింది. లోపల నలుగురు. 997కి ఫోన్ చేసి అంబులెన్సు వచ్చేదాకా వాళ్ళకు నీళ్ళు తాగించాలా వద్దా అని కూడా మాకు తెలియదు.

ఎవరూ చనిపోలేదు. దేవుడి దయ. ముగ్గురికి దెబ్బలు. నాలుగో అతను మా మండలం పిల్లవాడే, ఇరవై నాలుగేళ్ళు, వచ్చి ఏడాది కూడా కాలేదు. బెల్టు పెట్టుకోలేదు. తుంటి ఎముక విరిగింది. ఐదు నెలలు మంచం మీద, తర్వాత ఫైనల్ ఎగ్జిట్. వీసా కోసం చేసిన అప్పు తీరకముందే ఇంటికి పోయాడు. ఇప్పటికీ ఎక్కువసేపు నిలబడలేడు. ఊర్లో చిన్న కిరాణం కొట్టు పెట్టుకున్నాడు.

సేఫ్టీ ఆఫీసర్ వచ్చి మిగిలిన వెనక టైరు కొలిచాడు. 25 పాయింట్లు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద, ఫుల్ లోడుకు వెనక టైర్లు 36 అని ఉన్నది. పదకొండు తక్కువ. పేలిన టైరు లోపల చెయ్యి పెట్టి చూపించాడు. గోడ లోపలివైపు రబ్బరు నల్ల పొడి అయిపోయి ఉన్నది. "ఇది ఎండకి పేలింది కాదు, చాలా రోజుల నుంచి లోపల నలిగి నలిగి పేలింది" అన్నాడు. తర్వాత ఆ రోజు చెక్‌లిస్టు తీసి చూశాడు. టైర్ల దగ్గర నా టిక్కు, కింద నా సంతకం.

నన్ను ఎవరూ జైల్లో పెట్టలేదు. ఒక వార్నింగ్ లెటరు, అంతే. ఇక్కడికి రాకముందు ఆ తమ్ముడికి ఫోన్ చేసిన. "నీ సంగతి చెప్పాలనుకుంటున్న, చెప్పనా?" అని అడిగిన. "చెప్పన్నా, నా పేరు మాత్రం వద్దు" అన్నాడు. తర్వాత అడిగాడు, "ఇప్పుడు రోజూ చూస్తున్నవా?" అని. చూస్తున్న.

గాలి తగ్గిస్తే ఎందుకు పేలుతుంది?

మనకు అందరికీ తెలిసిన సంగతితో చెప్తా. బైండింగ్ వైరు తెంపాలంటే కట్టర్ లేకపోతే ఏం చేస్తాం? అటూ ఇటూ పదిసార్లు వంచుతాం. వంచినచోట వేడెక్కుతుంది, పట్టుకుంటే వేలు కాలుతుంది, తర్వాత పుటుక్కున తెగుతుంది. టైరు గోడ కూడా అంతే. చక్రం తిరిగిన ప్రతిసారీ కింద నేలకు ఆనినచోట గోడ వంగి, పైకి పోగానే మళ్ళీ నిలబడుతుంది. వంద స్పీడులో చిన్న కారు చక్రం సెకనుకు పద్నాలుగు సార్లు తిరుగుతుంది. గాలి సరిగ్గా ఉంటే కొంచెం వంగుతుంది. గాలి తక్కువైతే బాగా వంగుతుంది. సామాను ఎక్కువైతే ఇంకా వంగుతుంది. స్పీడు పెరిగితే చల్లబడే టైమే ఉండదు. కింద తారు రోడ్డు పెనంలాగ కాలుతుంటుంది. లోపల రబ్బరు, నైలాను పొరలు విడిపోయి ఒకేసారి పేలుతుంది.

మరి ఎండకు గాలి ఉబ్బదా అంటే, ఉబ్బుతుంది. ఐదారు డిగ్రీల వేడికి సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. పొద్దున 32 ఉన్న టైరు మధ్యాహ్నం రోడ్డు మీద 37, 38 చూపిస్తుంది. కంపెనీవాళ్ళు ఆ పెరుగుదల లెక్కలో వేసుకునే స్టిక్కర్ అంకె రాశారు. టైరు గోడ మీద గరిష్ఠం 44 అనో 51 అనో ఉంటుంది చూడండి, అది కూడా చల్లగా ఉన్నప్పటి అంకెనే. కాబట్టి 38 చూసి భయపడి గాలి తీయొద్దు. మంచి టైరును పాడు చేసేది ఆ తీయడమే.

అట్లని టైరు గోడ మీద ఉన్న 44 దాకా కొట్టించమని కాదు. అది ఆ టైరు మోయగల హద్దు. మీ బండికి కావలసిన అంకె కాదు. ఎక్కువ కొడితే టైరు మధ్యలో అరుగుతుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది.

ఏం చేయాలి?

1. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన కంబం మీద స్టిక్కర్ ఉంటుంది. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత, ఫుల్ లోడుకు ఎంత అని రాసి ఉంటుంది. ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. కొన్నింటిలో బార్ అని ఉంటుంది, 2.2 బార్ అంటే 32 పాయింట్లు. 220 అని ఉన్నా అదే.

2. గాలి పొద్దున బండి తీయకముందు చూడాలి. లేదా ఆపి మూడు గంటలు అయ్యాక. చిన్న గేజీ ఇరవై రియాళ్ళ లోపే దొరుకుతుంది. రూముకు ఒకటి చాలు. కాలితో తన్ని చూడటం చూడటం కాదు.

3. బన్‌షర్ దూరం ఉందనుకోండి. పొద్దున రూము దగ్గర చల్లగా కొలవండి. 27 ఉంది, 32 కావాలి, అంటే ఐదు తక్కువ. అక్కడికి పోయాక వేడి మీద 30 చూపిస్తే 35 దాకా కొట్టించండి. మీ తక్కువ ఐదు, ఆ ఐదే కలపాలి.

4. నెలకు ఒకసారి. జిద్దా ఎయిర్‌పోర్టుకు, మదీనాకు, యాన్బుకు పోయేముందు తప్పకుండా. స్టెప్నీ కూడా. సన్నగా ఉండే చిన్న స్టెప్నీకి సాధారణంగా 60 పాయింట్లు కావాలి, దాని మీద 80 స్పీడు దాటొద్దు.

5. ఇంటికి పోయేవాణ్ణి ఎయిర్‌పోర్టులో దింపేటప్పుడు ఐదుగురు, తాళ్ళు కట్టిన మూడు అట్టపెట్టెలు, దుప్పట్లు, టీవీ. ఆ రోజు స్టిక్కర్ మీద ఫుల్ లోడు అంకె చూసుకోండి. పట్టకపోతే రెండో బండి పెట్టండి.

6. సముద్రం ఒడ్డున ఇసుకలో పోవడానికి గాలి తీస్తారు, తీయొచ్చు. కానీ రోడ్డెక్కేముందు మళ్ళీ కొట్టించండి. "బన్‌షర్ వచ్చేదాకా మెల్లగా పోదాం" అనుకుని నూరు కొట్టేవాళ్ళను చూశాను.

7. పాత టైర్లు చవకగా వస్తాయని కొనొద్దు. గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారయింది. గీతలు కొత్తగా కనిపించినా రబ్బరు ఎండి పోయి ఉంటుంది.

8. టైరు పేలితే బ్రేకు తొక్కొద్దు. స్టీరింగు రెండు చేతులతో నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయండి. బండి దానంతట అది నెమ్మదించాక పక్కకు తీసుకోండి. బెల్టు వెనక సీటులో కూడా పెట్టుకోండి.

మీరు అడిగినవి

ఒక తమ్ముడు అడిగాడు, "నైట్రోజన్ కొట్టిస్తే మంచిదా?" చెడ్డది కాదు, కొంచెం మెల్లగా తగ్గుతుంది. కానీ మామూలు గాలిలోనే ముప్పాతిక పైన నైట్రోజన్ ఉంది. డబ్బు పెట్టి నైట్రోజన్ కొట్టించి ఆరు నెలలు చూడకుండా ఉండేకంటే, మామూలు గాలి నెలకోసారి చూసుకోవడం నయం.

ఇంకొకరు, "91 ఉన్న ట్యాంకులో 95 కలిస్తే ఏమన్నా అయితదా?" ఏమీ కాదు. రెండూ పెట్రోలే, కలిసిపోతాయి.

"నా బండిలో టైరు లైటు ఉంది, అది చాలదా?" చాలదు. చాలా బండ్లలో దాదాపు నాలుగో వంతు గాలి పోయాకే ఆ లైటు వెలుగుతుంది. అది ఆఖరి హెచ్చరిక.

మన కాకా ఒకాయన అడిగిన ప్రశ్న నాకు అన్నిటికంటే నచ్చింది. "నాకు బండి లేదు, డ్రైవింగు రాదు. కంపెనీ బండి ఎక్కుతా, దిగుతా. నాకెందుకు ఇదంతా?" కాకా, ఆ పల్టీ కొట్టిన బండిలో మా పిల్లవాడికి కూడా డ్రైవింగు రాదు. ఎక్కేముందు టైర్ల వైపు ఒకసారి చూడు. ఒకటి మిగతావాటికంటే కింద ఉబ్బినట్టు కనిపిస్తే డ్రైవర్‌కి చెప్పు. "గాలి చూసినవా బిడ్డా?" అని అడుగు. అడగడం తప్పు కాదు. అతను విసుక్కుంటే సూపర్‌వైజర్‌కి చెప్పు. సూపర్‌వైజర్ కూడా విసుక్కుంటే, అతను నాలాంటివాడే అనుకో, 2016లో నాలాంటివాడు. అప్పుడు సేఫ్టీవాళ్ళకు చెప్పు.

ఇంకో రెండు మాటలు. ప్రమాదం జరిగితే రెడ్ క్రెసెంట్ అంబులెన్సు 997, మన మక్కా ప్రాంతంలో 911. ఈ రెండు నంబర్లు ఫోన్‌లో పెట్టుకోండి. పనికి పోతూ, వస్తూ జరిగిన ప్రమాదం కూడా గోసి లెక్కలో పని ప్రమాదమే. ఆ బీమా డబ్బు కంపెనీ కట్టాలి, మీ జీతంలో కోయకూడదు. మీ పేరు అందులో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, మంచం మీద పడ్డాక కాదు. తెలియకపోతే మన గ్రూపువాళ్ళను అడగండి.

రూమ్మేట్లు నలుగురు ఖర్చు పంచుకుని ఒక బండిలో పోవడం వేరు. తెలియనివాళ్ళను డబ్బుకు ఎక్కించుకుని తిప్పడం వేరు, అది లైసెన్సు లేని టాక్సీ అవుతుంది. పట్టుబడితే మీరు మిగిల్చిన 1,452 రియాళ్ళు కాదు, బండి, ఉద్యోగం రెండూ పోతాయి.

చివరగా, గాలి తగ్గించమని గ్రూపులో పెట్టిన తమ్ముడు ఇక్కడే ఉన్నాడు. నేను ఆయన పేరు చెప్పలేదు, మీరు కూడా వెతకొద్దు. ఆయన మంచి మనసుతోనే పెట్టాడు. నేను కూడా మంచి మనసుతోనే చెప్పిన. మనం ఒకరి మాట ఒకరం నమ్మి ఇంత దూరం వచ్చినవాళ్ళం. ఏజెంటు మాట, బావమరిది మాట, రూమ్మేట్ మాట. అందుకే ఒక మాట చెప్పేముందు అది స్టిక్కర్ మీద ఉందో, పుస్తకంలో ఉందో చూసి చెబుదాం.

వచ్చే శుక్రవారం పొద్దున ఏడు గంటలకు, ఎండ ఎక్కకముందు, మన రూముల వెనక ఖాళీ స్థలంలో నేను గేజీ పట్టుకుని ఉంటా. ఒక చిన్న పంపు కూడా తెస్తా. బండి అక్కడికి నడిపించుకుని రావొద్దు, టైర్లు వేడెక్కుతాయి. ఎక్కడ ఆపి ఉంటే అక్కడికే నేను వస్తా. మీరు తలుపు తెరిచి స్టిక్కర్ చూపించండి చాలు. ఛాయ్ ఎవరన్నా పోయండి.

ఉంటాను. అందరూ జాగ్రత్తగా నడపండి, జాగ్రత్తగా ఇంటికి పోండి.